3.8 చూపించి నోరు మూయిస్తారా?

ఇప్పుడే ఒక వాదన మధ్యలోంచి లేచి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు మను జినోబిలి బంతి అందించడంలో గొప్పవాడు అన్నాను, అంతే. మిత్రుడొకడు ఫోను నా ముఖం ముందు పెట్టి, "కెరీర్ మొత్తానికి మ్యాచ్‌కు సగటు 3.8 అసిస్టులు. ఇంకేం మాట్లాడతావు?" అన్నాడు. అసిస్టంటే సహచరుడు బుట్టలో వేసేలా బంతి అందించడం. పక్కనున్న నలుగురూ తలలూపారు.

అతను ఎక్కువగా బెంచీ మీద నుంచి దిగి, మ్యాచ్‌కు సగటున 25 నిమిషాలే ఆడాడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అతని జట్టు స్పర్స్‌లో బంతిని ముందుకు నడిపే పని టోనీ పార్కర్‌ది. ఆ కాస్త సమయంలోనే డిఫెండర్ కాళ్ల సందులోంచి బంతిని జారవిడిచి సహచరుడికి అందించిన మనిషిని ఒక దశాంశంతో కొట్టిపారేస్తారా?

అసలు అసిస్టు లెక్కే వంకర. చివరి పాస్ ఇచ్చినవాడికే దక్కుతుంది, అదీ అవతలివాడు బంతిని బుట్టలో వేస్తేనే. పాయింట్లు వేయడమే ముఖ్య పనైన షూటింగ్ గార్డు దూసుకెళ్లి ఇద్దరు డిఫెండర్లను తన మీదికి లాక్కుంటాడు. మూలనున్నవాడికి బంతి ఇస్తాడు, అతను పక్కవాడికి ఇస్తాడు, షాట్ పడుతుంది. దారి తెరిచినవాడికి సున్నా! ఐస్ హాకీలో గోలుకు ముందు బంతి అందించిన ఇద్దరికీ... క్షమించండి, అక్కడ బంతి కాదు, పక్ అనే రబ్బరు బిళ్ల. ఇద్దరికీ లెక్క వేస్తారు. పాస్ అందుకున్నవాడు షాట్ వేస్తుండగా ఫౌల్ చేసి ఆపేస్తే, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆ పాస్ గాలికి పోయినట్టే. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా లెక్కలో మాత్రం ఆ ఫౌల్‌కు దక్కిన ఫ్రీ త్రోల్లో ఒక్కటి పడినా అసిస్టే. పాస్ ఒకటే, విలువలు రెండు.

షూటింగ్ గార్డు జేమ్స్ హార్డెన్‌ను చూడండి. 2015-16లో మ్యాచ్‌కు 7.5 అసిస్టులు. మరుసటి ఏడాది కొత్త కోచ్ డాంటోని అతన్ని బంతిని నడిపి పంచే పాయింట్ గార్డును చేయగానే 11.2, లీగ్‌లోనే మొదటి స్థానం. ఒక్క వేసవిలో పాస్ చేయడం నేర్చుకున్నాడా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది 1993 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్. ఫీనిక్స్‌లో చికాగో రెండు పాయింట్లు వెనకబడి ఉంది. చివరి క్వార్టర్‌లో అప్పటిదాకా చికాగో చేసిన 9 పాయింట్లూ మైకేల్ జోర్డన్‌వే. అందరి కళ్లూ అతని మీదే. అతను బంతిని సహచరుడు పిప్పెన్‌కు ఇచ్చాడు. పిప్పెన్ నుంచి గ్రాంట్‌కు, గ్రాంట్ నుంచి పాక్సన్‌కు. 3.9 సెకన్లుండగా పాక్సన్ దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేశాడు, 99-98. అసిస్టు గ్రాంట్‌ది. ప్రత్యర్థులకు జోర్డన్ అంటే భయమే లేకపోతే పాక్సన్ అంత ఒంటరిగా ఎలా దొరుకుతాడు?

ఈ కోపం ఇవాళ్టిది కాదు. కాలేజీ జట్టు ఎంపిక రోజు మా కోచ్ మడతలు పడిన నోటు పుస్తకంలో నా పేరు పక్కన అసిస్టుల కింద పెన్సిల్‌తో "1" అని రాశాడు. ఆ రోజు బుట్ట కిందికి నేను పంపిన మూడు బంతులు ఇప్పటికీ కళ్లకు కడుతున్నాయి. ఒకటి నేలకు కొట్టి పంపాను, ఒకటి చూడకుండానే ఎడమవైపు విసిరాను, ఒకటి ఇద్దరి చేతుల మీదుగా లేపాను. మూడుసార్లూ మావాడు అడ్డం ఎవరూ లేకపోయినా షాట్ పోగొట్టాడు. "నువ్వు బంతి పంచవు" అని కోచ్ నన్ను జాబితాలోంచి తీసేశాడు. షాట్లు పోగొట్టినవాడు జట్టులోకి వెళ్లాడు.

రేపు మా మిత్రుడిని కూర్చోబెట్టి 1993 నాటి ఆ చివరి నిమిషం చూపిస్తాను. ముందు ఫోను నా చేతికి ఇవ్వాలి.