మొలతాడు బిగిసినప్పుడు

మొన్న ప్యాంటు కుట్టించుకుందామని నెల్లూరు చిన్నబజారుకు వెళితే, దర్జీ టేపు పట్టుకుని అడిగాడు: "సార్, కొలత పొట్ట మీదా, పొట్ట కిందా?" కింద 34 అంగుళాలు వచ్చింది. పదేళ్లుగా నాది అదే సైజు. ఎందుకో బొడ్డు దగ్గర కూడా కొలవమన్నాను. 37. ఇన్నాళ్లూ సైజు మారలేదని మురిసిపోయాను గాని, ప్యాంటే కిందికి జారుతూ వచ్చింది.

నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, 22.8. భారతీయులకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అన్న కఠినమైన లెక్కలోనూ నేను నిక్షేపంగా ఉన్నట్టే. కానీ 37 అంగుళాలంటే 94 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు హద్దు 90, ఆడవాళ్లకు 80.

బీఎంఐని తిట్టి లాభం లేదు. 1830లలో ఆ సూత్రం కట్టిన బెల్జియం గణితవేత్త క్వెటెలెట్ సగటు మనిషి కోసం వెతికాడే గాని జబ్బుల కోసం కాదు. కిలోల్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడుందో దానికి పట్టదు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ లాన్సెట్ పత్రికలో తమ ఫొటోలనే పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మనాయనకు 21.2. తొడల్లో చేరిన కొవ్వు కంటే పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్నదే ఇన్సులిన్ పనికి ఎక్కువగా అడ్డుపడుతుంది. సన్నగా కనిపించేవాళ్లకూ చక్కెర వ్యాధి రావడానికి ఇదొక కారణం.

నాకు నచ్చింది దారం లెక్క. మీ ఎత్తంత దారం తెంపి సగానికి మడిచి నడుముకు చుట్టండి. అందకపోతే చక్కెర, రక్తపోటు చూపించుకోవలసిందే. నడుము ఎత్తులో సగం లోపే ఉండాలని బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో చెప్పింది. గర్భిణులకు ఈ లెక్క పనికిరాదు. మనకు మొలతాడు ఉండనే ఉంది గాని, అది బిగిస్తే ముడి వదులు చేసుకుంటాం తప్ప ఎందుకు బిగిసిందని అడగం.

30 ఏళ్లు దాటినవారికి చక్కెర, రక్తపోటు వంటి జబ్బుల ముప్పు ఎంతో లెక్కగట్టడానికి ఆశా కార్యకర్తలు నింపే పత్రంలో నడుము కొలతకు గడి ఉంది. మగవారికి 90 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు. మంచి ఏర్పాటే. అయితే టేపు ఒంటికి ఆనాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. మా పల్లెల్లో వీధి అరుగు మీద, నలుగురి ఎదుట, ఏ ఆడమనిషి చీర పక్కకు సర్ది నిలబడుతుంది? కుచ్చిళ్ల మీదుగా చుట్టిన టేపు చెప్పే అంకెను నేను నమ్మను. ఆశాలను తప్పుపట్టే ముందు వాళ్లకు తలుపు ఉన్న ఒక గది చూపించాలి.

దర్జీ మాత్రం పెన్సిలు పట్టుకుని, "ఏది రాసుకోమంటారు సార్?" అన్నాడు. 34 అనే చెప్పాను.