నల్ల బెల్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నల్ల బెల్టు గారికి, విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. మా వీధి మొగలో కరాటే క్లాసుల ఫ్లెక్సీ మీద, పదేళ్ల పిల్లాడి నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగి, తమరు దివ్యంగా వెలుగుతున్నారు.

నేను వింగ్ చున్ నేర్చుకుంటున్నాను. దక్షిణ చైనా కుంగ్‌ఫూ. ఆ మాట చెబితే మా అపార్ట్‌మెంట్‌లో ఏం నేర్పుతారని ఒక్కరూ అడగరు. "ఏ బెల్టు?" అంటారు. మా దాంట్లో బెల్టుల్లేవంటే, "ఇంకా ఏటీ ఇవ్వలేదేటమ్మా?" అని పదో తరగతి తప్పిన పిల్లని ఓదార్చినట్టు ఓదారుస్తారు.

అందుకే తమరి వంశవృక్షం కాస్త తిరగేశాను. ఉతక్కుండా కట్టిన తెల్ల బెల్టే మురికి పట్టి నల్లబడిందన్నది వట్టి కట్టుకథ. తమరిది జపాన్. 1882లో టోక్యోలో కొడోకాన్ జూడో స్థాపించిన జిగొరో కానో గారు పై తరగతి శిష్యులకు తమర్ని కట్టించారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ చుట్టాలు తర్వాత యూరప్‌లో కలిశారు. చైనా వాళ్లు తమ యుద్ధవిద్యలకి, అంటే వుషుకి, తొమ్మిది మెట్ల పద్ధతి పెట్టుకున్నది 1998లో. బ్రూస్ లీకి వింగ్ చున్ నేర్పిన ఇప్ మాన్ (1893-1972) ఫోటోలు చూడండి. పొడుగు అంగీ వేసుకుని, సాధన చేసే చెక్క బొమ్మ ముందు నిలబడి ఉంటారు. నడుం దగ్గర తమరి జాడ లేదు. పాపం, పరీక్ష ఫీజు కట్టలేదు కాబోలు.

మొన్న ఒక ఫంక్షన్ హాల్లో తమరి పట్టాభిషేకం చూశాను. రెండిటుకల మీద పెంకు పెట్టారు. పిల్లాడు "హా!" అన్నాడు, పెంకు పగిలింది. తల్లి ఫోన్లో రికార్డు కాలేదట. ఇంకో పెంకు తెచ్చారు.

మా క్లాసు జరిగే మేడ మీద ఇంత సందడి ఉండదు. మొదట నేర్పేది సియు నిమ్ తావ్ అనే కదలికల వరస. మేకను మోకాళ్ల మధ్య బిగించి పట్టినట్టుండే నిలుపు. ఆసాంతం ఒక్క అడుగు కూడా వెయ్యం. మొదటి భాగంలో మోచెయ్యి ముందుకు జరిగేలోపు పక్క మేడ ఆవిడ బకెట్టుడు బట్టలు ఆరేసి, కిందికి దిగిపోతుంది. సముద్రపు ఉక్కకి చెమట మోచేతి కొసన వేలాడుతుంది. తుడుచుకోకూడదు. తర్వాత చీ సావ్. ఎదుటివాళ్ల ముంజేతులకి మన ముంజేతులు ఆనించి తిప్పుతూ ఉండాలి, బలం ఎటు నుంచి వస్తోందో కంటికంటే ముందు చర్మానికి తెలియాలి. నేను బిగుసుకున్నానో లేదో, మాస్టారి అరచెయ్యి భుజం మీద పడుతుంది. "బలం పెట్టకమ్మా" అంటారు. ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే నేనూ పెంచే అలవాటు ఈ మధ్య కాస్త తగ్గింది. దానికి ఏ రంగిస్తారో తమరే సెలవివ్వాలి.

ఆత్మరక్షణ అంటారా? భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు వెతికాను. ఒంటినీ ఆస్తినీ కాపాడుకునే హక్కుంది, అవసరానికి మించి హాని చెయ్యకూడదని 37లో ఉంది. రంగు ఊసే లేదు. జగదాంబ జంక్షన్ రద్దీలో చెయ్యి వేసేవాడూ రంగడగడు. అక్కడ పనికొచ్చేది మణికట్టు విడిపించుకోవడం, గట్టిగా అరవడం, జనమున్న షాపు వైపు పరిగెత్తడం. పరుగుకి మాస్టారు బీచ్ రోడ్డు మీద, తెల్లారి బళ్లు ఆపేసే వేళ, పరీక్ష పెడతారు. ఫీజు లేదు, అందుకే కాబోలు ఎవరికీ గౌరవమూ లేదు.

కావున మనవి. తమరొకసారి మా మేడ మీదికి దయచెయ్యండి. సియు నిమ్ తావ్ మొదటి భాగం చాలు. ఫీజు, సర్టిఫికెట్టు లామినేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. పాసైతే ఏ రంగు అద్దించమంటారో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
చుడీదార్ నాడా తప్ప నడుముకి ఇంకేమీ కట్టనిది.