‘ఇది నిజంగా జరిగిన కథ’ అనే టైటిల్ కార్డు గారికి

మహారాజశ్రీ టైటిల్ కార్డు గారికి,

కోనసీమ నుంచి మీ పాత ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ సినిమాలో మా ఊళ్లో 11 మంది చచ్చిపోయారు కదా, వాళ్లు కూడా క్షేమమే. మొన్న సంతలో ఇద్దరు కనిపించారు. ఒకాయన పీక మీద రంగు ఇంకా పూర్తిగా వదల్లేదు. కొబ్బరినూనె రాసి రుద్దుకోమన్నాను.

మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం ఒక్క ముక్క. సినిమా మొదలవగానే తెర నల్లగా అయిపోతుంది. సౌండు ఆగిపోతుంది. టకటకమని టైపు కొట్టిన చప్పుడుతో తెల్ల అక్షరాలు పడతాయి: ‘మీరు చూడబోయేవి పోలీసులకు దొరికిన టేపులు. వీటిలో ఏ మార్పూ చేయలేదు.’ అదే మీరు. అక్కడి నుంచి గంటన్నర పాటు ఒక కెమెరా గడగడా వణుకుతూ సీరియల్ కిల్లర్ వెనకాల తిరుగుతుంది. మధ్యమధ్యలో ఒక మాజీ పోలీసు, ఒక సైకాలజిస్టు, ఒక పక్కింటాయన కుర్చీలో కూర్చుని ‘అస్సలు ఊహించలేదండీ’ అంటూ ఉంటారు. పేపర్లో దీన్ని మాక్ డాక్యుమెంటరీ అని రాస్తారు. తీసేవాళ్లు మాత్రం ‘తక్కువలో అయిపోయే సినిమా’ అంటారు. లైట్లు లేకపోతే అది రియాలిటీ. నటన రాకపోతే నేచురల్. ఫోకస్ పోతే కెమెరామన్ భయపడ్డాడు. మాట వినపడకపోతే అదే సస్పెన్స్. పెట్టుబడి లేని ప్రతిచోటా మీరొచ్చి నిలబడతారు, అప్పుకి పూచీకత్తు సంతకం పెట్టే బావమరిదిలాగ.

అన్నట్టు మీకో తమ్ముడున్నాడు. సినిమా అయిపోయి, జనం చెప్పులు వెతుక్కునే టైముకి వస్తాడు. ‘ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం’ అంటాడు. మొదట మీరు నిజమంటారు, చివర ఆయన అబద్ధమంటాడు. ఇద్దరికీ డబ్బులిచ్చింది ఒకే నిర్మాత. ఇంట్లో కూర్చుని మాట ఒకటి చేసుకుని రావచ్చు కదండీ.

మీ ఇద్దరి మధ్యలో పొగాకు హెచ్చరిక గారొకరు. 2012 నుంచి థియేటర్లో, 2023 నుంచి ఓటీటీలో కూడా ఆయన తప్పనిసరి. మీ హంతకుడు ఒక పెద్దమనిషి గొంతు కోసి, నింపాదిగా చేతులు కడుక్కుని, బీడీ వెలిగించాడు. అప్పుడు మూలన పడింది, పొగతాగడం ఆరోగ్యానికి హానికరమని. అప్పటిదాకా ఎవరి ఆరోగ్యానికీ ఏమీ కానట్టే లెక్క. ఇంకో సీన్లో కోడి ఉండాలట. తెర మీద కోడిని చూపించాలంటే జంతు సంక్షేమ మండలి కాగితం కావాలని ఎవరో గుర్తుచేశారు. షాటు తీసేసి, ఆ కోడిని మధ్యాహ్నం వండుకున్నారు.

మీ వంశచరిత్ర నాకు కొంత తెలుసు లెండి, మీవాళ్ల సినిమాలు అర్ధరాత్రిళ్లు దుప్పటి కప్పుకుని చూసినవాణ్నే. 1974లో ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ మొదట్లో మీరు గొంతుతో సహా వచ్చి, ఇది 1973 ఆగస్టు 18న జరిగిన ఘోరం అన్నారు. తమాషా ఏమిటంటే ఆ సినిమా షూటింగే 1973 ఎండాకాలంలో జరిగింది. హత్యలింకా జరగకముందే కెమెరా పెట్టుకుని కూర్చున్నారన్నమాట. ‘మీకు ముందే ఎలా తెలిసింది?’ అని ఏ ఎస్సైగారూ అడగలేదు. దానికి మూలమని చెప్పే అసలు హంతకుడు ఎడ్ గీన్ 1957లో పట్టుబడ్డది విస్కాన్సిన్ రాష్ట్రంలో. టెక్సాస్ కాదు, రంపమూ లేదు. ఊరు మారింది, ఏడాది మారింది, ఆయుధం మారింది, చచ్చినవాళ్లు మారారు. మారనిది మీరొక్కరే.

1980లో ‘కానిబల్ హోలోకాస్ట్’ చూసి ఇటలీవాళ్లు మిమ్మల్ని ఎంత గట్టిగా నమ్మారంటే, దర్శకుడు తన నటులు బతికే ఉన్నారని చూపించుకోవాల్సి వచ్చింది. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వాళ్లు మరో మెట్టెక్కి, నటుల అసలు పేర్లతోనే ‘కనబడుటలేదు’ పోస్టర్లు వేశారు. కూతురు నిక్షేపంలా ఉండగా ఆ నటి తల్లికి జనం పరామర్శ కార్డులు పంపారట. వేల డాలర్లలో తీసిన సినిమాకు 24 కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది. ఇక అప్పటి నుంచి చేతిలో కెమెరా ఉన్న ప్రతి కుర్రాడికీ మీరు దగ్గరి చుట్టమైపోయారు.

అలాంటి కుర్రాళ్లే మా ఊరూ వచ్చారు. ఒక వ్యాను, రెండు కెమెరాలు, ఒక మాస్కు. మాస్కు ఆన్‌లైన్లో తెప్పించింది, ధర చీటీ వెనక పట్టీకి అలాగే వేలాడుతోంది. సినిమా అంటే మా గోదావరివాళ్లకు కొత్త కాదు. అల్లు రామలింగయ్య గారు, దాసరి గారు, కోడి రామకృష్ణ గారు, ముగ్గురిదీ పాలకొల్లే. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి గట్టు మీదున్న నిద్రగన్నేరు చెట్టు కింద ఎన్ని జంటలు పాడుకున్నాయో! 2024 ఆగస్టులో అది కూలిపోయింది, పాపం. ఇన్నాళ్లూ ఇటువైపు ప్రేమించుకోవడానికి వచ్చేవారు. మా ఊరికి చంపడానికి రావడం ఇదే మొదలు.

మా బాబాయ్ గారి మండువా ఇల్లు హంతకుడి ఇల్లుగా కుదిరింది. ఇల్లు దొరికింది గానీ, నిర్జన ప్రదేశం కావాలన్నారు. డెల్టాలో! అడవిలో దారి తప్పి, తిరిగినచోటే తిరిగి, అరిచినా వినేవాడు లేక చావడం మీ కథలకు ప్రాణం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మీకా అవకాశం లేకుండా చేసేశాడు. ఇక్కడ ఎటు పరిగెత్తినా ఒక కాలవ తగుల్తుంది. కాలవ గట్టెంట నడిస్తే వంతెన, వంతెన పక్కన టీకొట్టు. టీకొట్టులో మన మేనమామ తాలూకా ఒకాయన ఖాయం.

అయినా ప్రయత్నించారు. అర్ధరాత్రి కొబ్బరితోటలో హీరోయిన్ పరుగు. మొదటిసారి బోదెలో పడింది. తర్వాత కుక్కలు తగులుకున్నాయి. ఆ తర్వాత అంతా బాగానే ఉంది, వెనకాల మాస్కువాడు కూడా సరిగ్గానే ఊపిరి పీలుస్తున్నాడు, ఇంతలో పక్కనున్న రొయ్యల చెరువు కాపలా ఆయన టార్చి వేసుకుంటూ వచ్చేశాడు. ‘ఎవరమ్మాయివి తల్లీ? ఈ టైములో ఎక్కడికి?’ అని ఆ పిల్లను అడిగి, టార్చి వెనక్కి తిప్పి, ‘బాబూ, తమరెవరి తాలూకండి?’ అన్నాడు. హంతకుడు మాస్కు తీసి ‘షూటింగండీ’ అన్నాడు. ‘ఆయ్, షూటింగా’ అని ఆయన అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు, తెల్లారేదాకా లేవలేదు. చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల హోరులో ఆ పిల్ల కేకలు ఎలాగూ వినపడలేదు. దాన్నే మీరు తర్వాత ‘పాడైన టేపు’ అని కింద వేశారు.

హంతకుడికి ఆయుధంగా కొబ్బరికాయలు ఒలిచే గునపం ఇచ్చారు. లోకల్ ఫ్లేవరట. మా ఒలుపు మేస్త్రీ చూసి ఊరుకోలేకపోయాడు: ‘అది నేలలో పాతుకోవాలండి. చేత్తో పుచ్చుకు తిరిగితే కాయే ఊడదు, మనిషేం పోతాడు?’ డైరెక్టరు వినలేదు.

రక్తం సంగతి చెప్పాలి. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’కి చాకొలెట్ సిరప్ వాడాడు, నలుపు తెలుపు సినిమా కాబట్టి చెల్లింది. వీళ్లు పంచదార పాకంలో ఎర్ర రంగు కలిపారు. శవం వరండాలో, అరుగు మీద నుంచి తల కిందికి వేలాడేసుకుని ఉంది. పాకం చెవి పక్క నుంచి జారి గచ్చు మీద మడుగు కట్టింది. కెమెరా దగ్గరికొస్తోంది. ముందుగా ఒక గండుచీమ వచ్చింది. మడుగు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, రుచి చూసి, వెనక్కి వెళ్లిపోయింది. కబురు అందినట్టుంది, కాసేపటికి స్తంభం వెంట బారు దిగింది. శవం మొదట కనుబొమ్మ ఎగరేసింది. తర్వాత బుగ్గ. చీమలు కాలర్లోకి దూరేసరికి ‘ఓలమ్మో’ అని లేచి నూతి దగ్గరికి పరుగుపెట్టింది. నిజం చెప్పొద్దూ, మొత్తం సినిమాలో నిజంగా జరిగింది అదొక్కటే. దాన్ని కోసి అవతల పారేశారు.

ఇంటర్వ్యూల దగ్గరికొద్దాం. పక్కింటాయన వేషం మా బాబాయ్‌ది. ‘చాలా నెమ్మదైన కుర్రాడండి, ఎవరితోనూ కలిసేవాడు కాదు’ అనాలి, అంతే. లోకంలో ఏ హంతకుడి పక్కింటాయనైనా అనేది అదే. కానీ మా దగ్గర ఎవరితోనూ కలవనివాణ్ని ఊరు బతకనిస్తుందా? బాబాయ్ మైకు చూడగానే స్క్రిప్టులో లేని తండ్రిని ఒకణ్ని ఆ హంతకుడికి పుట్టించి, ఆ తండ్రితో తనకు గట్టు తగాదా పెట్టుకుని, సర్వేయరు వచ్చిన వైనం దాకా వెళ్లిపోయాడు. పేరు లేని ఆ తండ్రి మీద ఇప్పటికీ కోపం పోలేదాయనకి.

అసలు అన్యాయం మా మామ్మకు జరిగింది. కొబ్బరితోటల మీద డాక్యుమెంటరీ అని చెప్పి ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ‘మీ మనవడి గురించి చెప్పండి మామ్మగారూ’ అన్నారు. ఆవిడ హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడి గురించి మురిసిపోతూ చెప్పింది. ‘చిన్నప్పటి నుంచీ వాడికి ముక్క లేనిదే ముద్ద దిగదండి. కత్తిపీట ముందు కూర్చుంటే వాడి చెయ్యి చూడాలి, అన్నీ ఒక్క కొలతే!’ ఆ మాటను తీసుకెళ్లి తొమ్మిదో హత్య తర్వాత అతికించారు. కింద ‘హంతకుడి నాయనమ్మ’ అని వేశారు. ఆ కింద మీరు: ఇది నిజంగా జరిగిన కథ. ట్రైలర్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి భీమవరం చేరింది. మా తమ్ముడికి భీమవరం సంబంధం మాటల్లో ఉంది.

ఇంతకీ ఆ డైరెక్టరుకి నిజంగా జరిగిన కథ తెలియక కాదు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. గుప్తనిధులని, బియ్యపు గింజల్ని లాక్కునే మహిమగల నాణెమని (రైస్ పుల్లింగ్ అంటారు) నమ్మించి, ప్రసాదంలో సైనైడ్ కలిపిపెట్టి, అంతకుముందు ఏడాది నుంచి 10 మందిని చంపాడని చెప్పారు. పోయినవాళ్లు కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల వాళ్లు. కొన్నిళ్లలో గుండెపోటనుకుని దహనం కూడా చేసేశారు. మాస్కు లేదు. చీకట్లో బుసలు లేవు. చేతిలో ప్రసాదం పెడితే కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. మా వైపు ప్రసాదం వద్దనే మనిషి ఉండడు.

ఈ కేసే మాకు ఇన్‌స్పిరేషన్ అన్నాడు డైరెక్టరు, టీ తాగుతూ. మరి ప్రసాదం ఏదయ్యా అంటే, ‘అందులో విజువల్ లేదండీ’ అన్నాడు. అందుకని గునపం. ఆ పది ఇళ్లలో ఎవరింటికీ వెళ్లలేదు, ఎవరినీ అడగలేదు. వాళ్లు పడ్డది పడ్డట్టు చూపిస్తే కెమెరా వణకక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. మీరు కావలసింది లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడానికి. ఉన్నది ఎదురుగా ఉంటే మీకు నోరు పెగలదేం?

మీ బాపతులో నేను దండం పెట్టేది ఒకటుంది. 1992లో బెల్జియంలో ముగ్గురు కుర్రాళ్లు నలుపు తెలుపులో తీశారు, ఇంగ్లీషులో ‘మ్యాన్ బైట్స్ డాగ్’ అంటారు. అదీ చేతిలో డబ్బుల్లేకుండా తీసిందే. ఒక హంతకుడి వెనకాల డాక్యుమెంటరీ వాళ్లు తిరుగుతుంటారు. ముందు ఊరికే తీస్తారు. తర్వాత శవాలు మాయం చేయడానికి ఓ చెయ్యి వేస్తారు. డబ్బులైపోతే అతను దోచిన సొమ్ముతోనే సినిమా కొనసాగిస్తారు. ఆ తర్వాత జరిగేదాంట్లో వాళ్లూ పాలుపంచుకుంటారు. సౌండ్ చూసే కుర్రాడు చస్తే డైరెక్టరు కళ్లు తుడుచుకుంటూ సంతాపం చెబుతాడు. ఇంకో సౌండ్ కుర్రాడు చస్తే మళ్లీ దాదాపు అవే మాటలు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడ, రక్తం దగ్గర కాదు. ఆ సినిమా వేలెత్తి చూపించింది హంతకుణ్ని కాదు, కెమెరా పట్టుకున్నవాణ్ని, వాడి భుజం మీంచి తొంగిచూస్తున్న నన్ను. విచిత్రం ఏమిటంటే హంతకుడి వేషం వేసిన నటుడి సొంత తల్లి, తాత, అమ్మమ్మ కూడా అందులో ఉన్నారు, అసలు కథేమిటో వాళ్లకీ చెప్పలేదట. మా మామ్మకు అంత దూరంలో తోడు దొరికింది.

కాబట్టి కార్డు గారూ, మీకు నేను పెట్టుకునే అర్జీ ఇది. మా తమ్ముడి పేరు మీద ఒక ధ్రువపత్రం ఇప్పించండి. తెల్ల కాగితం వద్దు. మీ పద్ధతిలోనే, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో, ‘ఫలానా వారి మనవడు ఇంతవరకు ఎవరినీ చంపలేదు. ఇది యథార్థ సంఘటనల ఆధారంగా’ అని వేయండి. టకటకమని టైపు చప్పుడు మాత్రం మర్చిపోవద్దు, అదుంటేనే భీమవరం వాళ్లు నమ్మేలా ఉన్నారు. చివర మీ తమ్ముణ్ని దయచేసి పంపకండి.

ఇట్లు,
హంతకుడి నాయనమ్మ గారి పెద్ద మనవడు

తా.క.: రెండో భాగం తీస్తామని కుర్రాళ్లు ఫోన్ చేశారు. నేను వద్దనేలోపు మామ్మ ఫోను లాక్కుని ఒప్పేసుకుంది. ఈసారి పట్టుచీర వాళ్లే కొనాలట, డబ్బులు ముందే చేతిలో పెట్టాలట, ఇంకో ముసలావిణ్ని పక్కన కూర్చోబెడితే మాత్రం రానందట.