రోజూ వెంట ఉండే కెమెరానే కొనండి

ఫిల్ము కెమెరాల మోజు మళ్లీ మొదలైంది. 2024లో పెంటాక్స్ ఏకంగా కొత్త మోడలే తెచ్చింది. చెన్నైలో మన కుర్రాళ్లు చాలామంది మొదటిసారే బరువైన ఎస్ఎల్ఆర్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, కొనేస్తున్నారు. అది తప్పు.

నేనూ ఆ తప్పు చేశాను. లెన్సుతో కలిపి ముప్పావు కిలో. రెండు నెలలు మెడలో వేసుకు తిరిగి, బీరువాలో పెట్టేశాను. రెండు వానాకాలాల తర్వాత తీసి వెలుతురుకి పట్టి చూస్తే, లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్! ఈ సముద్రపు గాలికి మూలన పడ్డ కెమెరా గతి అంతే. దాన్ని మూలన పడేసేలా చేసింది ఆ బరువే.

అందుకే ఒలింపస్ ఎక్స్ఏ2 కొనమంటాను. 1980లో వచ్చిన ఈ కెమెరా బరువు 200 గ్రాములు. చొక్కా జేబులో పడుతుంది. ముందున్న మూత పక్కకి జరిపితే చాలు, సిద్ధం. ఫోకస్‌కి చిన్న మీట, మూడే బొమ్మలు: దగ్గరి మనిషి, గుంపు, కొండ. మూత మూయగానే మీట దానంతటదే మధ్యకి వచ్చేస్తుంది. మైలాపూర్ మాడ వీధిలో పూలు కట్టే ఆవిడ తలెత్తి నవ్వితే, మీట జోలికి పోకుండా నొక్కేయొచ్చు. మంచి ఎండలో ఆ మధ్య గుర్తుకే రెండడుగులు అటూ ఇటూ అయినా బొమ్మ చెదరదు. పాతదే దొరుకుతుంది కాబట్టి, కొనేముందు లెన్సులోకి టార్చి వేసి చూడండి.

రీలు ఖరీదు, కడిగించడం ఖరీదు, చేతిలో ఫోను ఉండగా ఇదెందుకు అంటారు. ఖరీదు నిజమే. నెలకి ఒక్క రీలు వేయండి. 36 ఫోటోలు, రోజుకొకటికి పైనే.

ఫోను సంగతంటారా, నాన్న ఆఖరి దీపావళి ఫోటోలు నా పాత ఫోనుతో పాటే పోయాయి. తాతయ్య నెగటివ్‌లు మాత్రం బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా మద్రాసు వదలని కుటుంబం మాది. టీ నగర్‌లో మా ఇల్లు, వరండాలో చేటలో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ, వెనక చేతిపంపు, అన్నీ ఆ నెగటివ్‌లలోనే మిగిలాయి. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఫ్లాట్లు. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే ఇలా పోతున్నాయి, వాటిని తీసి పెట్టేవాళ్లు లేరు. నాకున్న అసలు బాధ అదే.

మాంబళంలో నాకు తెలిసి ఇంకా మూడిళ్లున్నాయి. ఈ ఆదివారం ఒకదానికి వెళ్తున్నాను. పొద్దున ఎండ పడే వేళకి అరుగు మీద కూర్చుంటానని ఆ ఇంటి మామ్మగారు మాటిచ్చారు.