తన ఆటకు తానే చుట్టపుచూపు

2024 జూన్‌లో కెనడాలోని ఎడ్మంటన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ అండర్-20 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. సెమీఫైనల్లో జపాన్ కుర్రాళ్లు అమెరికాను 41–20తో ఓడించారు. ఆట పేరులోనే దేశం పేరున్న జట్టు ఫైనల్ కూడా చేరలేదు. అయినా అక్కడ ఎవరూ గుండెలు బాదుకున్నట్టు కనిపించలేదు. మన అండర్-19 క్రికెట్ జట్టు సెమీస్‌లో జపాన్ చేతిలో ఓడిందనుకోండి, ఆ రాత్రి తెలుగు చానళ్లలో ఎన్ని చర్చలు నడిచేవో వేరే చెప్పాలా?

జపాన్ గెలుపు ఆషామాషీ కాదు. ఆ దేశంలో ఈ ఆట 1934 నుంచి ఉంది. యూనివర్సిటీల కోషియెన్ బౌల్ 1947లో, అంటే యుద్ధంలో దెబ్బతిన్న ఊళ్లు ఇంకా లేచి నిలబడకముందే మొదలైంది. కానీ ఈ ఓటమిని అమెరికా అంత తేలిగ్గా దులిపేసుకోవడం వెనుక దాదాపు మూడు దశాబ్దాల కథ ఉంది. నా మట్టుకు నాకు ఆ కథలో తప్పు చేసింది ఎవరో స్పష్టంగానే కనిపిస్తోంది. ఆటకు యజమానిగా చలామణి అవుతున్న అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ప్రపంచంలో ప్రేక్షకులు కావాలి, పోటీదారులు అక్కర్లేదు.

1997లో ఎన్‌ఎఫ్‌ఎల్ తన సొంత పేరు మీదే గ్లోబల్ జూనియర్ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఏ ఊళ్లో జరిగితే, ఆ సందట్లోనే ఈ టోర్నీ. మెక్సికో, కెనడా, జపాన్, యూరప్ పిల్లలు వచ్చి ఆడేవారు. లీగ్ కోరుకున్నది పిల్లల ఆట కంటే, ‘మా ఆట ప్రపంచమంతా ఆడుతున్నారు’ అని చూపించుకునే ఫొటో అని అప్పుడే అనుమానించి ఉండాల్సింది. 2007లో ఆ టోర్నీకి తెర పడింది. అదే ఏడాది జూన్‌లో యూరప్‌లో నడుపుతున్న లీగ్‌ను కూడా మూసేశారు. అదే ఏడాది అక్టోబరులో లండన్ వెంబ్లీ మైదానంలో న్యూయార్క్ జెయింట్స్, మయామి డాల్ఫిన్స్‌తో అసలు లీగ్ మ్యాచ్ ఆడించి టికెట్లు అమ్మారు. ఒక్క ఏడాదిలోనే అక్కడి పిల్లలూ ఆటగాళ్లూ పక్కకు పోయారు, కొనుగోలుదారులు మిగిలారు.

వదిలేసిన పనిని అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌ఏఎఫ్ నెత్తికెత్తుకుంది. 2009లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో మొదటి జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టింది. 1920లో ఎన్‌ఎఫ్‌ఎల్ పుట్టిన ఊరు అదే. ఎనిమిది జట్లు వచ్చాయి. అమెరికా ఫ్రాన్స్‌ను 78–0, మెక్సికోను 55–0, ఫైనల్లో కెనడాను 41–3తో చితక్కొట్టింది. మొత్తం మూడు మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు ఇచ్చింది మూడంటే మూడు పాయింట్లు. ఇంక ఈ టోర్నీతో పనేముంది అని అందరూ అనుకున్నారు.

మూడేళ్లు తిరిగేసరికి 2012లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో కెనడా 23–17తో అమెరికాను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. టెక్సాస్ అంటే హైస్కూల్ ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు లాంటిది. శుక్రవారం రాత్రి స్కూలు మ్యాచ్ ఉంటే ఊరంతా స్టేడియంలోనే ఉంటుందని అక్కడ పిల్లల్ని చదివిస్తున్న మన తెలుగువాళ్లను అడిగినా చెబుతారు. అలాంటి గడ్డ మీద జరిగింది ఇది.

ఆ గెలుపు ఎంత గట్టిదో తెలియాలంటే కాస్త ఆట లోపలికి వెళ్లాలి. కెనడాలో చాలాచోట్ల ఆడే ఫుట్‌బాల్ వేరు. జట్టుకు 12 మంది, 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు మైదానం, పది గజాలు ముందుకు పోవడానికి మూడే డౌన్లు, అంటే మూడే ప్రయత్నాలు. అమెరికా పద్ధతిలో 11 మంది, 100 గజాలు, 53 గజాల పైచిలుకు వెడల్పు, నాలుగు డౌన్లు. ప్రపంచ టోర్నీ అమెరికా పద్ధతిలోనే సాగుతుంది. పాస్ అందుకునే కెనడా రిసీవర్‌కు బంతి కదలకముందే పరుగు అందుకుని బంతి ఉన్న గీత వైపు దూసుకురావడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడ అదే పని చేస్తే పెనాల్టీ పడి జట్టు ఐదు గజాలు వెనక్కి పోతుంది. సొంతూళ్లో డిఫెన్స్ వాళ్లు బంతికి గజం దూరంలో నిలబడతారు, ఇక్కడ ఎదుటివాడి ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడాలి. మూడు డౌన్ల ఆటలో రెండోది పోతే బంతిని తన్నేయడమే. నాలుగు డౌన్ల ఆటలో ఓపిక పట్టాలి, పరుగుకూ పాస్‌కూ లెక్క వేరే వేసుకోవాలి. ఇన్నేళ్ల అలవాటును క్యాంపులో కాసిన్ని రోజుల్లో మార్చుకుని, అవతలివాడి నిబంధనలతో, అవతలివాడి ఊళ్లో, అవతలివాణ్ణి ఓడించారు ఆ పిల్లలు. వాళ్లకు రావలసిన పేరు ఇప్పటికీ రాలేదు.

ఆ తర్వాతి సంగతులు ఇవీ. 2014లో టోర్నీ కువైట్ వెళ్లింది. జులై ఎండలు, పైగా రంజాన్ మాసం. అమెరికా 40–17తో కెనడాపై గెలిచింది. 2016లో చైనాలోని హార్బిన్‌లో, 2018లో మెక్సికో సిటీలో ఫైనల్ ఆడింది కెనడా, మెక్సికోలే. రెండుసార్లూ కెనడాదే కప్పు. ఈ మధ్యలో ఐఎఫ్‌ఏఎఫ్ రెండు ముక్కలై, మేమంటే మేమే అసలు సమాఖ్య అని కొట్టుకుని, స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు దాకా వెళ్లింది. తర్వాత కరోనా. ఆరేళ్ల విరామం తర్వాత, వయసు పరిమితి 20కి మార్చి ఎడ్మంటన్‌లో మళ్లీ ఆడారు. అక్కడా కెనడాయే విజేత. లెక్క చూస్తే అప్పటికి కెనడాకు నాలుగు, అమెరికాకు రెండు.

అంటే అమెరికా పిల్లలు చేతకానివాళ్లయ్యారా? కానే కాదు. వాళ్లలో మేటి ఆటగాళ్లు ఈ టోర్నీకి రానే రారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాలేజీ స్కాలర్‌షిప్ మీద సంతకం పెట్టాడంటే జూన్ కల్లా క్యాంపస్‌లో దిగి, వెయిట్ రూమ్‌లో చెమటోడుస్తూ ఉండాలి. టోర్నీ జరిగేది సరిగ్గా జూన్, జులైలలోనే. అక్కడ కోచ్‌కు కోట్ల డాలర్ల కాంట్రాక్టు, యూనివర్సిటీకి టీవీ హక్కుల సొమ్ము. దేశం జెర్సీ వేసుకుని హార్బిన్‌లో మోకాలు విరగ్గొట్టుకుంటానంటే ఏ కోచ్ ఊరుకుంటాడు? ఆ కుర్రాడికీ అందులో ఒరిగేదేం లేదు, అతని భవిష్యత్తు కాలేజీలోనే ఉంది. అందుకే అమెరికా తన ఆటకు తానే చుట్టపుచూపుగా వచ్చి పోతోంది.

దీనికి ఎన్‌ఎఫ్‌ఎల్ పక్షాన మాట్లాడేవాళ్ల జవాబు ఒకటుంది. ఎడ్మంటన్‌లోనే కెనడా 110–0తో బ్రెజిల్‌ను ఓడించింది, ఇది కూడా పోటీయేనా అంటారు. అమెరికా మేటి జట్టును పంపితే అందరి మీదా ఇలాంటి స్కోర్లే వస్తాయనీ, దెబ్బలు తగిలే ఆటలో అంత తేడా ఉండటం పిల్లలకు ప్రమాదమనీ, బెల్టుకు కట్టిన రిబ్బన్ లాగితే చాలు అనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ పెంచుకోవడమే తెలివైన దారనీ వాదన. ప్రమాదం మాట నిజం, జట్లను స్థాయిని బట్టి విడగొట్టాల్సిందే. కానీ 41–3తో ఓడిన కెనడా మూడేళ్లలో ఎక్కడికి చేరిందో చూశాం కదా. బలవంతుడితో ఆడకుండా ఎవరైనా బలవంతులు అయ్యారా?

ఇక తేదీలు కుదరవనే సాకు. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కూ 2028 లాస్ ఏంజెలెస్ గేమ్స్‌లో చోటిచ్చింది. 2025 మేలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఓనర్లు కూర్చుని, తమ ఆటగాళ్లు ఒలింపిక్స్‌లో ఆడొచ్చని ఓటేశారు. కోట్లు పోసి పెట్టుకున్న స్టార్ ఆటగాడి మోకాలికి అప్పుడు రిస్క్ లేదా? ఉంది. కానీ ఒలింపిక్స్‌కు ప్రపంచమంతా టీవీ ముందు కూర్చుంటుంది. హార్బిన్‌లో పిల్లల మ్యాచ్‌కు కూర్చోదు. కాలేజీలు తన చేతిలో లేవని లీగ్ అనొచ్చు. ఆ కాలేజీల నుంచి ఏటా ఆటగాళ్లను ఏరుకునే లీగ్ గట్టిగా ఒక మాట అడిగితే కాదనేదెవరు?

ఇదంతా ఎవరికో పట్టిన గొడవ అనుకోకండి. 2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటొచ్చింది. అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేదని మనలో ఎంతమందికి గుర్తుంది? మ్యాచ్‌లు హైదరాబాద్‌లో జరగలేదు, కొలంబోలో ఆడించి షూట్ చేసి టీవీలో వేశారు. ఏ స్కూల్లోనూ ఒక్క పిల్లాడు ఈ బంతి పట్టింది లేదు, ముందే లీగ్ వచ్చింది. మూడునాళ్ల ముచ్చట అయింది. గోరంత దానిలో పిల్లల్ని వదిలేసి టీవీని పట్టుకున్న ఆ బుద్ధే కనిపిస్తుంది.

కొండంత దానిలో కూడా చూడాలంటే మన క్రికెట్ ఉంది. ఈ ఆటకు అమెరికా ఇప్పుడు మనమే. 2024–27 మధ్య ఐసీసీ ఆదాయంలో 38.5 శాతం బీసీసీఐదే. ఐపీఎల్ రెండు నెలలూ ప్రపంచ క్యాలెండర్ దానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది. అండర్-19 ప్రపంచ కప్ కూడా 1988లో ఒకసారి జరిగి, మళ్లీ 1998 దాకా పత్తా లేకుండా పోయిందే. మన అదృష్టం ఏమిటంటే, మన పిల్లలకు ఆ కప్పు పైకి వెళ్లే మెట్టు అయింది. 2004లో అంబటి రాయుడు కెప్టెన్‌గా వెళ్లాడు. 2025లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష మహిళల అండర్-19 ప్రపంచ కప్ నుంచి టోర్నీలోనే ఉత్తమ క్రీడాకారిణిగా తిరిగొచ్చింది. ఇక్కడ మన వాళ్లు మేటి పిల్లల్నే పంపుతున్నారు, ఒప్పుకోవాల్సిందే.

కానీ అవతలివైపు పిల్లల సంగతి? నేపాల్, నమీబియా, పపువా న్యూగినీ కుర్రాళ్లు రెండేళ్లకోసారి వచ్చే టోర్నీలో మాత్రమే భారత్‌తో ఆడి, మళ్లీ రెండేళ్లు ఎదురుచూడటమేనా? 2028లో క్రికెట్ 128 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు వస్తోంది, పురుషుల్లో ఆరు, మహిళల్లో ఆరు జట్లకే చోటు. ఆ ఆరింటి బయట మిగిలేవాళ్లకు బీసీసీఐ చేయగలిగింది ఒకటుంది. ఏటా జులై, ఆగస్టుల్లో రెండు చిన్న దేశాల అండర్-19 జట్లను పిలిచి, మన అండర్-19 జట్టుతో పది మ్యాచ్‌లు ఆడించవచ్చు. వర్షాకాలం అంటారేమో, అనంతపురంలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాలున్నాయి, అక్కడ వాన తక్కువే. ఖర్చు ఒక్క ఐపీఎల్ స్టార్ ఆటగాడి వేలం ధరను మించకపోవచ్చు.