నీలం త్రిభుజం ఎక్కడ అతికించాలి?

సోమవారం సాయంత్రం మా పాప డైరీలో ఒక ఆజ్ఞ వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి దించితే ఇంత: ఐదు తెలుగు వాక్యాలు రాసి, ఒక్కో మాట పైన దాని వ్యాకరణ గుర్తు అతికించి బుధవారానికి పంపాలి. నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర గుండ్రం, ఆర్టికల్‌కు, అంటే ఇంగ్లీషులో a, an, the లాంటి మాటకు, చిన్న నీలం త్రిభుజం. ప్రతి వాక్యంలో ఈ మూడూ తప్పనిసరి. పాప చదివేది యూకేజీ.

తెలుగు వాక్యంలో ఆర్టికల్! పదకొండో శతాబ్దంలో నన్నయ మరిచిపోయాడు, తర్వాత తిక్కన చూసుకోలేదు, ఎర్రన సర్దుకుపోయాడు, ఇన్ని వందల ఏళ్లు మనమంతా ఆర్టికల్ లేకుండానే పెళ్లిళ్లు చేసుకున్నాం, అప్పులు తెచ్చుకున్నాం, కోర్టులకెక్కాం. ఆ లోటు ఇన్నాళ్లకు మా తిరుపతిలో, ఒక అపార్ట్‌మెంట్ కింద నడిచే మాంటిస్సోరి బడిలో బయటపడింది. ఊరివాడిగా గర్వంగానే ఉంది.

బాధ్యతగల తండ్రిని కాబట్టి వెంటనే గాంధీ రోడ్డుకు పోయాను. "నీలం త్రిభుజాలు కావాలప్పా" అంటే అంగడాయన తలెత్తకుండానే "యూకేజీనా?" అన్నాడు. స్టిక్కర్ షీటు నలభై రూపాయలు. నల్ల త్రిభుజం, రెండు సైజుల నీలం త్రిభుజాలు, సర్వనామానికి ఊదారంగు పొడుగు త్రిభుజం, ఎర్ర గుండ్రం, నారింజ గుండ్రం, ఆకుపచ్చ నెలవంక, గులాబీ పట్టీ, ఇవిగాక తాళంచెవి కన్నం లాంటి బంగారు రంగు బొమ్మ. ఆ చివరిది అయ్యో, అబ్బా, రామరామ లాంటి మాటలకట. ఇంటికొచ్చాక ఎక్కువ ఖర్చయింది అదే.

రాత్రి ఎనిమిదింటికి హాల్లో చాప పరిచి అందరం కూర్చున్నాం. మొదటి వాక్యం అవ్వ చెప్పింది: "మా మనవరాలు బంగారం." చక్కగా ఉంది, కానీ ఎర్ర గుండ్రం ఎక్కడ పెట్టాలి? క్రియ లేదు కదా. "క్రియ లేకపోతే బంగారం కాకుండా పోతుందా?" అంది అవ్వ. మా ఆవిడ టెన్షన్‌తో చివర "ఉంది" తగిలించింది. "మా మనవరాలు బంగారం ఉంది." ఇంట్లో బంగారముందని చార్టు మీద రాసి వీధికంతా చూపిస్తారా అని అవ్వ ఆ వాక్యాన్ని చించేసింది.

రెండోది "పిల్లి ఇంట్లో ఉంది". పిల్లికి నల్ల త్రిభుజం, ఉందికి ఎర్ర గుండ్రం, ఇంతవరకూ సుఖం. "ఇంట్లో"లో ఇల్లు నామవాచకం, "లో" విభక్తి, దానికి ఆకుపచ్చ నెలవంక. అంటే మాటను రెండు ముక్కలు చేయాలి. కత్తెర తీసుకున్నాను. ఎక్కడ కొయ్యాలి చెప్పండి. ట నెత్తిన ఓత్వం, ట కింద ల ఒత్తు, ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని సుమో ఎక్కిన పెళ్లివాళ్లలా ఉన్నారు. నిలువుగా కోస్తే ట చస్తుంది, అడ్డంగా కోస్తే ఓత్వం ట వెంట పోయి ఒత్తు ఒక్కటే కింద రాలుతుంది. అసలు ఇల్లులోని "ల్లు" ఎటు పోయిందో పోలీసు కంప్లయింటు ఇవ్వాలి. పైన ఒక బంగారు రంగు బొమ్మ అతికించి ముందుకు సాగాం.

ఇక నీలం త్రిభుజం. మేడ మీద ఉండే రిటైర్డ్ తెలుగు పండితుల్ని అడుగుదామని ఫోన్ చేశాను. "సార్, తెలుగులో ఆర్టికల్ ఎక్కడుంటుంది?" అవతల కాసేపు శబ్దం లేదు. తర్వాత మెల్లగా, "నాయనా, నీ ఆరోగ్యం బాగుందా?" అన్నారు. చివరికి మా ఆవిడే దారి కనిపెట్టింది, అన్నిటి ముందూ "ఒక" పెట్టేద్దామని. "ఒక అవ్వ ఒక సంగటి తినింది." అవ్వ అది చదివించుకుని "ఒకటేందే, రెండు ముద్దలు తింటి గదా" అంది.

ఇదంతా మరియా మాంటిస్సోరి పేరు మీద జరుగుతోంది. ఆవిడకు ఇది తెలిస్తే ఎంత బాధపడేదో! 1907లో రోములో శాన్ లొరెంజో అనే పేదల పేటలో, కూలికి పోయేవాళ్ల పిల్లల కోసం బడి తెరిచిన మనిషి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలాన ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి టీచర్లకు పాఠాలు చెప్పింది. మద్రాసంటే మనకు మూడు నాలుగు గంటల ప్రయాణం, ఆవిడ చెప్పింది మాత్రం ఇంకా మన దాకా చేరలేదు, బోర్డు ఒక్కటే చేరింది. ఆవిడ పద్ధతిలో క్రియను నేర్పడమంటే పిల్ల చీటీ తీసి "దూకు" అని చదువుకుని దూకడం. విశేషణమంటే చెంబు తెమ్మని, అది కాదు ఇత్తడి చెంబని, అది కాదు చిన్న ఇత్తడి చెంబని తిప్పడం, ఒక్కో మాట చేరేకొద్దీ ఏ చెంబో తేలడం. వస్తువులు పిల్లల చేతికందే ఎత్తులో, తెరిచిన అరల్లో ఉండాలి. మా బడిలో చెక్కతో చేసిన ఆ త్రిభుజాలూ గుండ్రాలూ అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర. అడ్మిషన్ల సీజన్‌లో తీస్తారు, తల్లిదండ్రులు చూశాక తుడిచి మళ్లీ పెడతారు. మెటీరియల్ ఫీజు మాత్రం ప్రతి ఏడూ కడుతున్నాం, బహుశా దుమ్ము తుడిచే గుడ్డకేమో. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కను దేవుణ్ణి చేసే పనివాళ్లున్నారు, అడిగితే సాయంత్రానికి బుట్టెడు త్రిభుజాలు చేసిస్తారు, పిల్లలు నేలకేసి కొట్టుకున్నా ఏం కాదు.

తొమ్మిదిన్నరకు చార్టు పక్కన పడేసి పాపతో ఊరికే ఒక ఆట ఆడాను. పిల్లి, ఎలుక, ను, తరిమింది అని నాలుగు చీటీలు రాసిచ్చాను. "పిల్లి ఎలుకను తరిమింది" అని పేర్చింది. ఎలుకనూ, పక్కనున్న "ను"నూ కలిపి ముందుకు జరిపాను. "ఎలుకను పిల్లి తరిమింది", అంతేగా, అంది. ఇంగ్లీషులో మాటలు అటూ ఇటూ మారిస్తే కథ తలకిందులవుతుంది, మనకు కాదు, మన కథంతా ఆ చిన్న "ను" చేతిలో ఉంది. అప్పుడు తనే ఆ "ను" చీటీ తీసి పిల్లి పక్కన పెట్టి, "పిల్లిని ఎలుక తరిమింది!" అని పడీ పడీ నవ్వింది. గమనించారా? చీటీ మీద ఉన్నది "ను". దాని నోట్లోంచి వచ్చింది "ని". పిల్లి తర్వాత ను కాస్తా ని అవుతుందని ఐదేళ్ల పిల్లకు ఎవరు చెప్పారు? ఏ త్రిభుజం చెప్పింది?

ఇదే పిల్లకు పోయిన నెల ప్రోగ్రెస్ కార్డులో ఏం రాశారో తెలుసా? లాంగ్వేజ్ వీక్ అని. తెలుగు పీరియడ్‌లో "ఆడ పెట్టినా మిస్" అంటే, ఆడ కాదు అక్కడ అని క్లాసంతటితో మూడుసార్లు అనిపించారు. మిగతా పీరియడ్లలో తెలుగు మాట వస్తే నోటి మీద వేలు పెట్టుకుని గోడ పక్కన నిలబడాలి. బడి వ్యాను దిగాక పది నిమిషాల దాకా మా పాప ఎవరితోనూ మాట్లాడదు, అవ్వతో కూడా, బూట్లు విప్పుకుని అరుగు మీద కూర్చుంటుంది. నోట్లో నిండు వ్యాకరణంతో వచ్చిన పిల్లను మూగదాన్ని చేసి, ఖాళీ నోటికి స్టిక్కర్లు అతికిస్తారా? సిగ్గులేదూ? ఆ టీచరమ్మను నేనేమీ అనను, పాపం ఆవిడకు ఇచ్చే జీతానికి ఆ డైరీ రాయడమే ఎక్కువ. బోర్డు కట్టినవాళ్లను అంటున్నాను. వాళ్లకు ఫీజులు కడుతున్న నన్నూ అనుకుంటున్నాను.

చార్టు గురువారం తిరిగొచ్చింది. పదికి ఏడు. నాలుగో వాక్యంలో నీలం త్రిభుజం లేనందుకు రెండు మార్కులు పోయాయి, "ఇంట్లో" మీద బంగారు బొమ్మకు ఒకటి. వచ్చే వారం ఇరవై వాక్యాలట. మిగిలిన త్రిభుజాల్లో ఒకదాన్ని పాప అవ్వ నుదుట అతికించింది, అవ్వ దాంతోనే పాలకు పోయొచ్చింది.