సవరణ: స్పాలో మలుపును తీసెయ్యలేదు

బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్ కార్ల రేసు ట్రాక్ మీద మొన్న రాసిన పోస్టులో "2022లో ఓ రూజ్, రైడియోన్ మార్చేశారు" అని ఒక్క ముక్కలో ఉంది. ఓ రూజ్, రైడియోన్ అంటే ఆ ట్రాక్‌లో కొండ కింద మొదలై పైకెక్కే జంట మలుపు. అది చదివి, కొండ మీదికి దూసుకెళ్లే ఆ మలుపే పోయిందని చాలామంది బాధపడ్డారు. అందుకే ఈ వివరణ.

మలుపు వంపు, ఎక్కుడు రెండూ అలాగే ఉన్నాయి. మారింది పక్కనున్న జాగా. గోడను వెనక్కి జరిపి, రనాఫ్ (దారి తప్పిన కారు ఆగడానికి వదిలే ఖాళీ జాగా) పెంచి, కంకర మళ్లీ పోశారు. మోటార్‌సైకిల్ రేసులకూ ఆ కంకర కావాల్సిందే.

ఈ మార్పులు ఎందుకంటే, 2019 ఆగస్టు 31న ఫార్ములా 2 రేసులో డ్రైవర్ ఆంత్వాన్ హ్యూబర్ కారు అక్కడే గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. వెనకే వస్తున్న మరో కారు దాన్ని గుద్దింది. హ్యూబర్ చనిపోయాడు, 22 ఏళ్లు. ఎక్కుతున్న డ్రైవరుకు మిట్ట అవతల ఏముందో కనిపించదు. అలాంటి చోట గోడ దగ్గరుంటే కారు మళ్లీ దారిలోకే వస్తుంది.

1994లో, ఇటలీలోని ఇమోలా ట్రాక్‌లో ఫార్ములా 1 డ్రైవర్లు చనిపోయాక, ఓ రూజ్‌కు తాత్కాలికంగా షికేన్ (వేగం తగ్గించే వంకర దారి) పెట్టారు. ప్రాణాలకు భద్రతే, కానీ మలుపు మలుపులా లేదు. 2022 పద్ధతే నాకు నచ్చింది.

అలాగని ప్రమాదం తీరిపోలేదు. 2023 జులైలో, వానలో, రైడియోన్ దాటాక కెమెల్ స్ట్రెయిట్ అనే తిన్నని దారిపై రేసు డ్రైవర్ డిలానో వాంట్ హాఫ్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ కుర్రాడికి 18 ఏళ్లే.

పాత పోస్టులో "మార్చేశారు" బదులు "మలుపు పక్క జాగాను పెంచారు" అని సవరించాను.